16 మైక్రాన్ల పూస, 5 నెలలు: నా ప్రాజెక్ట్ అనుభవం

"లేజర్ అంటే ఆ ఎర్ర లైటేనారా, పిల్లి దాని ఎంట ఉరుకుతది గదా" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుద్ది. మాది సూర్యాపేట దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేశా. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ ఉంటది కదా, సిమ్యులేషన్ టాపిక్స్ అన్నీ నాకంటే ముందే లైన్‌లో నిలబడ్డోళ్ళకి పోయినయ్, నాకు మిగిలింది ఎక్స్‌పెరిమెంట్. జనవరిలో సంక్రాంతి సెలవుల నుంచి అరిసెల డబ్బాతో తిరిగొచ్చిన మర్నాడే గచ్చిబౌలి వైపు ఉన్న ఒక ల్యాబ్‌కి వెళ్తే (పేరెందుకులే) అక్కడి సార్ ఒక చిన్న సీసా చేతిలో పెట్టి, అడుగున నారింజ రంగు పౌడర్‌లాగా ఏదో ఉంది, "ఇందులో ఒక్కో రేణువు ఒక్కో పూస, ఒక్క పూసలో లేజర్ వెలిగించి చూపించు చాలు" అన్నారు. ఒక్కటే కదా, నెల చాలు అనుకున్నా. మే వరకు పట్టింది.

ముందు విషయం ఏంటో చెప్తా, లేకపోతే మిగతాదంతా నా ఏడుపులాగే ఉంటది. ఏ లేజర్‌కైనా మూడు కావాలి: కాంతిని పెంచే పదార్థం, దానికి బయట నుంచి శక్తి ఎక్కించే ఏర్పాటు, ఆ కాంతి బయటికి పారిపోకుండా తిప్పి తిప్పి పంపే చోటు. మామూలు లేజర్‌లో ఆ చోటు అంటే ఎదురెదురుగా రెండు అద్దాలు. మా పూసలో అద్దాలే లేవు. పూస పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్‌ది, దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతదో చెప్పే అంకె) 1.59 దాకా ఉంటది, గాలిది 1, కాబట్టి లోపల్నుంచి గోడకి లంబం నుంచి 39 డిగ్రీలు దాటిన వాలుతో తగిలిన కాంతి బయటికి రాలేదు, మళ్ళీ లోపలికే తిరుగుద్ది. ఇంటర్‌లో సంపూర్ణాంతర పరావర్తనం అని బట్టీ పట్టినం చూడు, అదే. గుండ్రటి పూసలో ఒకసారి అట్లా గోడ పట్టుకున్న కాంతి ఇంక గోడ వెంబడే చుట్లు తిరుగుద్ది.

ఇది విని నేను తెలివిగా "మన గోల్కొండలో చప్పట్లు కొడితే పైన వినపడేదే కదా" అన్నా. అక్కడ పీహెచ్‌డీ చేసే అక్క ఒకామె ఉంది, ప్రాజెక్ట్ మొత్తం నన్ను మోసింది ఆమే, ఆమె నవ్వి "అది వేరు, ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పుడు కిలోమీటరు దూరంలో బాలా హిస్సార్ మీదికి చేరుతుంది, గోడ వెంబడి చుట్లు తిరగదు, నువ్వు చూడాల్సింది బీజాపూర్ గోల్ గుంబజ్" అంది. అక్కడ గుమ్మటం కింద గుండ్రటి నడవాలో గోడకి నోరు ఆనించి గుసగుసలాడితే అవతలి వైపు గోడ దగ్గర చెవి పెట్టినోడికి వినిపిస్తది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో ఇదే సంగతిని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టి చెప్పాడు, 1920ల మొదట్లో మన సి.వి. రామన్ కూడా గోల్ గుంబజ్ మీద పని చేశాడు. అందుకే కాంతి ఇట్లా గోడ వెంబడి తిరిగే తీరుని ఇప్పటికీ విస్పరింగ్ గ్యాలరీ మోడ్ అంటారు. ఇదేదో నిన్న మొన్నటి సంగతి అనుకున్నా నేను. మొట్టమొదటి లేజర్ 1960లో వస్తే, మరుసటేడు 1961లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు సమేరియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ గోళీల్లో ఇట్లా లేజర్ వెలిగించారంట, కాకపోతే అవి మిల్లీమీటర్ల సైజు. 1992లో అదే బెల్ ల్యాబ్స్‌లో కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) వెడల్పున్న సెమీకండక్టర్ బిళ్ళల్లో లేజర్ చేశారు. నా పూసేమో 16 మైక్రాన్లు, మన వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా లేదు.

సరే, పని మొదలుపెట్టినం. సార్ చూపించిన సీసాలో పూసలు పాతవి, రంగు వెలిసినవి, కొత్తవి నేనే చేసుకోవాలి. పద్ధతి వినడానికి వంటలాగే ఉంటది. పాలిస్టైరిన్‌ని, రంగుని (కాంతిని పెంచే పదార్థం ఇదే) డైక్లోరోమీథేన్ అనే తొందరగా ఎగిరిపోయే ద్రవంలో కరిగించాలి, ఇంకో బీకరులో నీళ్ళలో పీవీఏ అనే నీళ్ళల్లో కరిగే పాలిమర్ కలిపి పెట్టుకోవాలి, ఆ నీళ్ళు తిరుగుతా ఉంటే ఈ ద్రావణాన్ని చుక్క చుక్కగా పొయ్యాలి, నూనె నీళ్ళల్లో విడిపోయినట్టు అది చిన్న చిన్న బిందువులైపోద్ది, పీవీఏ వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తది, రాత్రంతా మూత తీసి తిప్పితే డైక్లోరోమీథేన్ ఎగిరిపోయి గట్టి పూసలు మిగుల్తయ్. అంతా ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే పెట్టె) లెండి, ఆ ఆవిరి పీల్చేది కాదు.

మొదటి బ్యాచ్‌లో రోడమీన్ 6జీ వేశా. లేజర్ పుస్తకం ఏది తెరిచినా ఆ రంగు పేరే ఉంటది, 1980ల్లో ఆల్కహాల్ బిందువుల్లో దాన్నే వేసి లేజర్ చూపించారు కూడా, అందుకని ధైర్యంగా వేశా. పొద్దున్నే వెళ్ళి చూస్తే బీకరులో నీళ్ళన్నీ ఎర్రగా హోలీ ఆడినట్టు ఉన్నయ్, కింద పూసలు మాత్రం ముసలోళ్ళ జుట్టులాగా తెల్లగా. రోడమీన్ లవణం అండి, దానికి నీళ్ళంటే ప్రాణం, ప్లాస్టిక్‌లో ఎందుకుంటది? ఇంత మాత్రం నాకెందుకు తట్టలేదో. నా వేళ్ళకి అంటిన రంగు మూడు రోజులు పోలేదు, మెస్‌లో అన్నం తింటుంటే రూమ్‌మేట్ "పీచుమిఠాయి తిన్నావా" అన్నాడు, వాడు ఊరికే అన్నాడు గానీ ఆ మాటలో నిజం ఉంది, దీని అన్నలాంటి రోడమీన్ బీని పీచుమిఠాయిలో కలుపుతున్నారనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో ఆ మిఠాయి అమ్మకం ఆపేశారు.

రెండో బ్యాచ్‌కి అక్క చెప్పినట్టు నైల్ రెడ్ అనే రంగు వేశా, అది నీళ్ళ జోలికి పోదు. ఈసారి రంగు నిలిచింది కానీ పూసల ఒళ్ళంతా గుంటలు, ఎండిన ఉసిరికాయల్లాగా. తొందరపడి హాట్‌ప్లేట్ కొంచెం వేడి పెట్టా, డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుద్ది, ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తే పైచర్మం ముడుచుకుపోద్ది. గుంటలున్న గోడ మీద కాంతి చుట్లు తిరగదు, ఎటుపడితే అటు చెదిరిపోద్ది. మూడో బ్యాచ్ వేడి లేకుండా, మెల్లగా, రాత్రంతా. అది కుదిరింది. అప్పటికే ఫిబ్రవరి నెలాఖరు.

తర్వాత పూసని వెతకడం, దీని గురించి ఎవరూ చెప్పరు. ఒక చుక్క తీసి కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు ముక్క మీద ఆరబెడితే మైక్రోస్కోప్‌లో వందల పూసలు, చిన్నా పెద్దా అన్ని సైజులు. ఇవాళ మంచిగా పనిచేసిన పూస రేపు ఎక్కడుందో ఎట్లా తెలుస్తది? గాజు మీద నంబర్లుండవు కదా. కాబట్టి మన హైదరాబాద్ అడ్రస్ పద్ధతే: "పెద్ద గీత నుంచి కుడికి, తోకున్న దుమ్ము దాటాక, రెండు జంట పూసల ఎదురుగా." నిజంగా నా నోట్‌బుక్‌లో ఇట్లానే రాసుంది. అమీర్‌పేట హాస్టల్ అడ్రస్ చెప్పినట్టే.

సెటప్ ఏంటంటే, 532 నానోమీటర్ల ఆకుపచ్చ పల్స్ లేజర్, సెకనుకి పది పల్సులు, ఆన్ చేస్తే టకటకటక అని ఒకటే చప్పుడు, కొన్నాళ్ళకి నిద్రలో కూడా వినపడేది. ఆ పల్సుని మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ గుండా పూస మీద పడేసి, పూస నుంచి వచ్చే నారింజ వెలుగుని అదే దారిలో వెనక్కి తీసుకుని, మధ్యలో ఫిల్టర్ పెట్టి ఆకుపచ్చని ఆపేసి, మిగిలింది స్పెక్ట్రోమీటర్‌కి (ఏ రంగు వెలుగు ఎంతుందో గ్రాఫ్ గీసి చూపించే యంత్రం) పంపాలి. మొదటి రోజు స్క్రీన్ మీద సూదిలాంటి పీక్ కనపడింది. ఒకే ఒక్కటి, ఎంత సన్నగా ఉందో! ఫోన్‌లో ఫొటో తీసి అక్కకి పంపా, ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా "వచ్చిందమ్మా" అని చెప్పేశా. అక్క రిప్లై ఒక్క ముక్క: "కింద నంబర్ చదువు." 532. ఫిల్టర్ పెట్టడం మర్చిపోయా, నేను చూసింది మా పంప్ లేజర్‌నే, అంటే పూసకి శక్తి ఎక్కించే ఆ ఆకుపచ్చ లేజర్‌నే. అమ్మకి మళ్ళీ ఫోన్ చేసి రాలేదు అని చెప్పలేదు, చాలా రోజుల తర్వాత నిజంగా వచ్చినప్పుడు కూడా మళ్ళీ చెప్పే మొహం లేకుండాపోయింది.

ఫిల్టర్ పెట్టాక ఏం కనిపించిందంటే, ఒక వెడల్పాటి కొండ లాంటి ఆకారం, అది నైల్ రెడ్ మామూలు మెరుపు. పూస నడిమధ్యకి గురిపెట్టినంతసేపూ అంతే. అక్క వచ్చి గురిని అంచుకి జరిపింది, జరపగానే ఆ కొండ మీద దువ్వెన పళ్ళలాగా పీక్స్ లేచినయ్. కాంతి తిరిగేది గోడ వెంబడి కాబట్టి బయటికి కారేది కూడా అక్కడే. పైగా గాజు మీద కూర్చున్న పూసలో నిలువుగా చుట్లు తిరిగే కాంతి కింద గాజు తగిలినచోట దాంట్లోకి జారిపోద్ది, పాలిస్టైరిన్‌కీ గాజుకీ గుణకంలో పెద్ద తేడా లేదు కదా, గాజుని ముట్టుకోకుండా అడ్డంగా, నడుముకి వడ్డాణం పెట్టినట్టు తిరిగేదే బతుకుద్ది.

ఆ పీక్స్ ఎందుకు వస్తాయో నాకు గాజుల షాపులో అర్థమైంది, సరదాకి కాదు, మా చెల్లికి గాజులు కొనడానికి లాడ్ బజార్ వెళ్ళినప్పుడే. సైజు సరిపోతేనే గాజు, రెండు పాయింట్లు తేడా వచ్చినా చేతికి ఎక్కదు. పూసలో ఒక చుట్టు తిరిగొచ్చిన అల తన తోక మీద తను సరిగ్గా కూర్చోవాలి, చుట్టులో అలలు పూర్ణసంఖ్యలో పట్టాలి, నా 16 మైక్రాన్ల పూసలో 600 నానోమీటర్ల దగ్గర సుమారు 130 అలలు పడతయ్. 130 పట్టే రంగు ఒకటి, 131 పట్టే రంగు ఇంకోటి, మధ్యలో రంగులకి చోటు లేదు. అవే ఆ పళ్ళు. పక్క పక్క పళ్ళ మధ్య దూరం కొలిస్తే పూస సైజు చెప్పెయ్యొచ్చు: తరంగదైర్ఘ్యం వర్గాన్ని ఆ దూరంతో, గుణకంతో, పై తో భాగిస్తే వ్యాసం వస్తది. నేను లెక్క చేస్తే ఒకసారి 30 మైక్రాన్లు, ఒకసారి 40, మైక్రోస్కోప్‌లో చూస్తే 16. రెండు రోజులు తల పట్టుకున్నా. తీరా చూస్తే ధ్రువణాన్ని (కాంతి అల ఏ దిక్కున ఊగుతదో దాన్ని) బట్టి రెండు వరసల పీక్స్ ఉంటయ్, టీఈ, టీఎం అని, అవి ఒకదాని మధ్యలో ఒకటి దూరి ఉన్నయ్, నేను అన్నీ ఒకటే వరస అనుకుని కొలుస్తున్నా. ఒకటి విడిచి ఒకటి కొలిస్తే 4.5 నానోమీటర్లు, లెక్క వేస్తే 16 మైక్రాన్లు. మొత్తం ప్రాజెక్ట్‌లో నాకు బాగా నచ్చిన రోజు అదే, లేజర్ వచ్చిన రోజు కూడా కాదు. కొలబద్ద పెట్టకుండా రంగుతో సైజు చెప్పడం అంటే మాటలా!

ఇంక అయిపోయింది, పీక్స్ వచ్చేసినయ్, రిపోర్ట్ రాసేద్దాం అనుకుని సార్ దగ్గరికి పోయా. సార్ గ్రాఫ్ చూసి టీ తాగుతానే "ఇది లేజర్ అని ఎవరు చెప్పారు?" అన్నారు. సన్నటి పీక్స్ ఉన్నయ్ కదా సార్ అన్నా. "పూస మంచిదని అర్థం, అంతే. కాంతి చిక్కుకుంటోంది, పెరుగుతోందా?" అన్నారు. నాకప్పుడు కోపమొచ్చింది గానీ ఇప్పుడు ఎవరన్నా పీక్ చూపించి లేజర్ అంటే నాకూ అదే ప్రశ్న వస్తది. పీక్ సన్నగా ఉంటే ఆ పూస కాంతిని ఎంతసేపు పట్టుకుంటుందో తెలుస్తది, 600 దగ్గర 0.1 నానోమీటర్ వెడల్పు అంటే క్యూ విలువ (పూస కాంతిని ఎంత బాగా పట్టుకుంటదో చెప్పే అంకె) 6000, నా పూసకి లెక్కేస్తే కాంతి బయటపడే లోపు ఏడు చుట్లు. దాదాపు ఏడు, పెళ్ళిలో సప్తపదిలాగా. (మా స్పెక్ట్రోమీటర్ చూడగలిగింది అంతే, నిజంగా ఇంకా ఎక్కువే తిరుగుతుండొచ్చు.) అయితే తిరగడం వేరు, తిరిగే ప్రతి చుట్టులో పోయేదానికంటే వచ్చేది ఎక్కువ కావడం వేరు. అది తెలియాలంటే పంప్ శక్తిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, ఒక దగ్గరి వరకు వెలుగు మెల్లగా పెరుగుద్ది, ఆ గడప దాటగానే ఒక్క పీక్ ఒక్కసారిగా లేస్తది, గ్రాఫ్‌లో గీత మోకాలిలాగా వంగుద్ది. ఆ మోకాలు లేకపోతే లేజర్ లేదు.

ఏప్రిల్ మొత్తం ఆ మోకాలి కోసమే పోయింది. ల్యాబ్‌కి ఎదురుగా ఏదో అపార్ట్‌మెంట్ పునాదికి బండ కొడుతున్నారు, ఆ ఏరియా అంతా రాయే కదా, పొద్దున పదింటికి డ్రిల్లింగ్ మొదలైతే పూస ఫోకస్‌లో నిలబడదు, వణుకుద్ది. టేబుల్ కింద గాలి కాళ్ళున్నా సరే ఆగేది కాదు. అందుకని రాత్రి తొమ్మిది తర్వాత కొలిచేవాళ్ళం, అక్క, నేను, ఆరెంజ్ కళ్ళజోళ్ళు పెట్టుకుని చీకట్లో. ఆ కళ్ళజోడులోంచి ఆకుపచ్చ కనపడదు, స్క్రీన్ మీద పూస నడుము చుట్టూ నారింజ ఉంగరం ఒక్కటే కనపడుద్ది. రెండుసార్లు కరెంట్ పోయి లేజర్‌ని చల్లబరిచే చిల్లర్ కుయ్యోమని అరిచింది, మళ్ళీ లేజర్ స్థిరపడటానికి అరగంట. ఒకసారి మంచి పూస మీద దుమ్ము వాలింది, అంతే, పళ్ళన్నీ రాలిపోయినయ్.

అసలు ఇబ్బంది రంగు మాడిపోవడం. పంప్ పెంచేకొద్దీ నైల్ రెడ్ అణువులు పాడైపోతుంటయ్, ఇటు మనం శక్తి పెంచుతుంటే అటు వెలుగు తగ్గుద్ది, గీత వంగాల్సిన చోట వాలిపోద్ది. మొదటి నాలుగు పూసలు అట్లానే చచ్చిపోయినయ్. అక్క ఉపాయం చెప్పింది, ఊరికే పూస మీద కాంతి పడనీయకు, మధ్యలో షట్టర్ పెట్టు, ఒక్కో కొలతకి కొన్ని పల్సులే వదులు, రాసుకునేటప్పుడు మూసెయ్. ఐదో పూస, తోకున్న దుమ్ము దాటాక కుడివైపున్నది. కొలతలు నానోజౌల్స్‌లో, పన్నెండు పాయింట్ల వరకు ఏమీ లేదు, బోరు, అక్క ఉస్మానియా బిస్కెట్ తింటోంది. పదమూడో పాయింట్‌లో ఒక పన్ను మాత్రం కొంచెం ఎత్తుగా అనిపించింది, పద్నాలుగులో స్క్రీన్ స్కేల్ మారిపోయింది, కొండ కనపడటమే లేదు, కింద నేలకి అంటుకుపోయింది, పైకి ఒక్క గీత. ఆ ఉంగరం కూడా గరుకుగా, మిణుకుమిణుకుమని చుక్కలు చుక్కలుగా మారింది. ఇద్దరం ఏమీ మాట్లాడలే. నేను ముందు కింద నంబర్ చదివా. 600 దాటింది, 532 కాదు.

నేను లేచి గంతేద్దామనుకునేలోపు అక్క "దిగు" అంది. అంటే శక్తి తగ్గించుకుంటూ అవే పాయింట్లు మళ్ళీ కొలవాలి. ఎక్కేటప్పుడు ఎక్కడ వంగిందో దిగేటప్పుడు కూడా అక్కడే వంగాలి, లేకపోతే పూస మాడిందనో ఏదో కదిలిందనో అర్థం. రాత్రి ఒంటిగంటన్నర వరకు దిగాం. దాదాపు అదే దారిలో వచ్చింది, పైన రెండు పాయింట్లు కొంచెం తక్కువ, అది మాడిన రంగు లెక్క. బయటికొస్తే రోడ్డు మీద టిప్పర్లు తప్ప ఏం లేవు, హాస్టల్ దాకా నడుచుకుంటూ వెళ్ళినం.

ఇంత చిన్న లేజర్‌తో ఏం చేస్తారు అని అందరూ అడుగుతారు. నా పూసతో ఏమీ చెయ్యరు, నిజం చెప్తున్నా. కానీ కాంతిని మైక్రాన్ల చోటులో బంధించి లేజర్ చెయ్యడం అనేది చాలామంది జేబుల్లో ఉంది, ముఖం చూసి తెరుచుకునే ఫోన్లు కొన్నిటిలో చుక్కలు చల్లే చిప్ ఉంటది కదా, అందులో వందల సంఖ్యలో చిన్న లేజర్లు, వాటిలో పల్చటి పొరల అద్దాల మధ్య కాంతి పైకీ కిందకీ తిరుగుద్ది, జపాన్‌లో కెనిచి ఇగా 1977లో ఆలోచించిన డిజైన్ అది. నా పూసల్లాంటివాటిని 2015లో బతికున్న కణాల లోపలికే పంపి వెలిగించారు, ఒక్కో పూస సైజు కొద్దిగా వేరు కాబట్టి దాని పళ్ళ వరసే దాని ఆధార్ నంబర్, ఏ కణం ఎటు పోయిందో పట్టుకోవచ్చు. ఇది చదివినప్పుడు నా అడ్రస్ పద్ధతి గుర్తొచ్చి నవ్వొచ్చింది, దుమ్ము తోక ఎందుకురా, పళ్ళు చూస్తే పోయేది కదా అని.

మేలో వైవా. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన ముప్పై పేజీలు తిప్పి మూడే ప్రశ్నలు అడిగారు, మొదటిది "దిగేటప్పుడు కొలిచావా?" గ్రాఫ్ తీసి చూపించా. రెండోది టీఈ, టీఎం. మూడోది "ఆ పూస ఉందా, ఒకసారి చూడొచ్చా?"

ఉంది సార్ అని ల్యాబ్‌కి పరిగెత్తా. డబ్బాలో కవర్‌స్లిప్ ఉంది, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పెద్ద గీత ఉంది, తోక లేదు, జంట పూసలు లేవు, అసలు పూసలే లేవు. వైవా ఉందని ల్యాబ్ అసిస్టెంట్ అన్న అన్నీ నీట్‌గా అసిటోన్ పెట్టి తుడిచిండంట. "మరకలున్నయ్ తమ్మీ, అందుకే" అన్నాడు.